గంజ్ బంద్ నాటి కామారెడ్డి

మొన్న పొద్దున మా మనవడు శ్రీకర్ చాయ్ చల్లారబెట్టుకుని ఫోనులో తలదూర్చి కూర్చున్నాడు. చేసేది బడిలో లెక్కలు చెప్పే పనే గానీ వాడికి షేర్ల పిచ్చి పట్టి కొన్నేళ్ళయింది. పసిపిల్లలు పలక మీద గీసినట్టు ఎర్రగా, పచ్చగా ఏవో గీతలు. వాటిని చూసినంత శ్రద్ధగా వాడు పెళ్ళిచూపుల్లో పిల్లనైనా చూడలేదని నా అనుమానం. "ఏందిరా అంత ఆలోచన?" అన్నాను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. తలెత్తకుండానే చెప్పాడు. "రేపు మార్కెట్ బంద్ నానమ్మా. ఆ తెల్లారి శనివారం, ఆదివారం. అమ్మితే ఇయ్యాలనే అమ్మాలె. లేకుంటే మళ్ళ తెరిచేసరికి ధర యాడుంటదో ఎవనికెరుక?"

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. "ఇంకా చెప్పు" అన్నాను. వాడికి అంతకంటే కావలసిందేముంది? ఏడాది మొదట్లోనే సెలవులన్నీ చూసి పెట్టుకోవాలట. పొడుగు సెలవుకు ముందు రోజు భయస్తులంతా అమ్ముకుంటారట. తెరిచిన పొద్దున తోసుకుంటూ దూరకూడదట, కాస్త సద్దుమణిగాక పోవాలట. దీపావళి నాడు మాత్రం ముహూర్తమని కాసేపు తెరుస్తారట, అప్పుడు ఏదైనా కొంటే ఏడాదంతా కలిసొస్తుందట. "ఎవరు నేర్పారురా నీకివన్నీ?" అంటే ఫోను ఎత్తి చూపించి, "దీంట్లనే" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఈ మాటలన్నీ నేను మా నాన్న, మా బాపు నోట విన్నాను. చుట్ట పొగ వాసనతో సహా విన్నాను. తొంభైకి దగ్గరపడ్డదాన్ని, ఎందరినో సాగనంపాను, కట్టుకున్నవాణ్ణి కూడా సాగనంపాను. అయినా మార్కెట్ బంద్ అనే మాట చెవిన పడితే నాకు మా అక్క ఒక్కతే గుర్తొస్తుంది.

మాది ఎల్లారెడ్డి పక్కన ఒక పల్లె. నిజాంసాగర్ నీళ్ళు బాన్సువాడ, బోధన్ పొలాల వైపు పోయాయి గానీ మా వైపు తిరిగి చూడలేదు. మాకు దిక్కు బావే. మోట కొట్టి, ఆ నీళ్ళతో కొద్దిపాటి చెరుకు పెంచి, గానుగ ఆడి బెల్లం వండేవాళ్ళం. గానుగ ఆడే రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, సంసారమంతా పొలం దగ్గరే. పెద్ద పెనంలో రసం కుతకుత ఉడుకుతుంటే అవ్వ, అంటే మా అమ్మ, బెండ చెట్ల జిగురు పోసి పైకి తేలిన మురికిని తీస్తూ ఉండేది. ఆమె కొంగుకు, జుట్టుకు, మాకు కలిపిపెట్టే అన్నానికి కూడా అదే వాసన. అక్కా నేనూ చెరుకు ముక్కను పాకంలో ముంచి, ఊదుకుంటూ నాకుతూ, అవ్వ చూస్తే ఎద్దుల చాటుకు పోయేవాళ్ళం. ఇప్పుడు నా ఇంట్లో బెల్లం డబ్బా అందరికంటే పై అరలో ఉంటుంది. కోడలు అది నా షుగరు జబ్బు కోసమనుకుంటుంది. అనుకోనీ అని ఊరుకున్నాను.

బెల్లం ఓపిక లేని సరుకు. వడ్లయితే గుమ్మిలో పోసి కొన్నాళ్ళు మరచిపోవచ్చు. బెల్లానికి కాస్త మబ్బు పట్టిందా, చెమట పోస్తుంది, రంగు మారుతుంది. రంగు మారితే గంజ్‌లో సేటు వేలితో గీకి చూసి మూతి విరుస్తాడు. అందుకని వండిన బెల్లాన్ని ఎప్పుడు బండికెత్తాలన్నది మా ఇంట్లో పిల్ల పెళ్ళి ముహూర్తం కంటే పెద్ద సంగతి. అమ్మే చోటు ఒక్కటే, కామారెడ్డి గంజ్, అంటే సరుకుల మార్కెట్. మా ఊళ్ళో ఎవరూ కామారెడ్డికి పోతున్నానని అనేవాళ్ళు కాదు, గంజ్‌కు పోతున్న అనేవాళ్ళు. బట్టలు తెచ్చినా, నాగలి కర్రులు తెచ్చినా గంజ్ నుంచి తెచ్చినట్టే లెక్క. రైలు స్టేషను, కచేరీ, దవాఖాన, అన్నీ గంజ్ చుట్టూ కట్టిన పాకల్లాంటివని మా పెద్దవాళ్ళ అభిప్రాయం.

ఆ గంజ్‌కు బంద్‌లు ఎక్కువ. శుక్రవారం సర్కారు సెలవు. అమావాస్య నాడు సేట్లు కాటా ముట్టరు. పీర్ల పండుగ, రంజాను, బక్రీదు, నిజాం సర్కారు పుట్టినరోజైన సాలగిరా, దసరా, దీపావళి, ఇవన్నీ బందే. వీటిలో కొన్ని పంచాంగంలో దొరుకుతాయి, కొన్ని నెలపొడుపు కనిపిస్తేనే తెలుస్తాయి. బంద్ నాడు పోయినవాడి గతి చెప్పనక్కర లేదు. గేటు బయట బండి విప్పుకుని, బెల్లం మీద మంచు పడకుండా, చీమలు పట్టకుండా కాపలా కాస్తూ, ఎద్దులకు గడ్డి కొనిపెడుతూ పడి ఉండాలి. పొరుగింటి మల్లయ్య ఒకసారి అట్లాగే ఒక సాలగిరా నాడు పోయి చిక్కుకున్నాడు. పాపం, తిరిగొచ్చేసరికి ఊరు ఆయనకు బంద్ మల్లయ్య అని పేరు పెట్టేసింది. పిల్లలం మేమూ ఆయన బండి కనిపిస్తే చాలు, "ఇయ్యాల ఏం బందే మల్లయ్యా?" అని వెంటపడేవాళ్ళం. ఆయన కొరడా ఎత్తి బెదిరించి, తనే నవ్వేసేవాడు.

మా బాపు పేరు రాజన్న. బంద్ నాడు కామారెడ్డిలో అడుగుపెట్టని మనిషి అని ఆయనకు చుట్టుపక్కల పేరు. పొద్దుగూకేసరికి మా అరుగు మీద బెల్లం రైతులు చేరేవాళ్ళు. బాపు చుట్ట వెలిగించేదాకా గంజ్ మాట ఎత్తకూడదని అందరికీ తెలుసు. వెలిగించి, ఒక దమ్ము లాగి, కన్ను మూసి చెప్పేవాడు. "బంద్‌కు ముంగటి దినం పోవాలె. సేట్లు రైలు డబ్బాలు నింపుకునే తొందరల ఉంటరు. తెరిచిన దినం పోవద్దు. బండ్లన్ని ఒక్కసారే వడ్తయి, ధర వడ్తది." బిచ్కుంద దిక్కు నుంచి వచ్చే బండ్లవాళ్ళు మరాఠీ, కన్నడం కలగలిపి మాట్లాడుతూ దారిలో ఆపి మరీ బాపును అడిగేవారు. ఆ గౌరవం ఆయనకు ఎంతో ఇష్టం. అవ్వ మాత్రం లోపల రొట్టెలు కొడుతూ, "గంజ్ తలుపులు ఈయననే తెరిచి పెడుతున్నడు" అని గొణిగేది.

మా అక్క సత్తెవ్వ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. బాపును అనుకరించడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. జొన్నకర్ర ముక్కను చుట్టలాగా నోట్లో పెట్టుకుని, కన్ను మూసి, "రేపు గంజ్ ఉన్నది గని, మన గుడ్డి బర్రెకు తాతీలు" అనేది. తాతీలంటే సర్కారు సెలవు. మేము పడి పడి నవ్వేవాళ్ళం. చాటుగా విన్న బాపు కూడా మీసంలో నవ్వుకునేవాడు. ఆయనకు అదంటే ప్రాణం, నేనంటే ఇష్టం. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలిసినా కుళ్ళు పుట్టలేదు, ఎందుకంటే నాకూ అదంటే ప్రాణమే. అక్కకు ఉన్న కోరిక ఒక్కటే, రైలును చూడాలి. అదెంత పొడుగుంటుంది, ఎద్దులు లేకుండా ఎట్లా పోతుంది అని బాపును వేధించేది. "దీపావళి బోణీకి పోయేటప్పుడు నిన్ను తోలుకపోత" అని బాపు మాటిచ్చాడు. దాని కోసమే ఆ దీపావళికి ఎర్రటి లంగా కుట్టించుకుంది.

బోణీ సంగతి చెప్పాలి. దీపావళికి సేట్లు లక్ష్మీపూజ చేస్తారు. ఆ తర్వాత గంజ్ తెరిచిన పొద్దున మొదటి కొనుగోలు తీపి వస్తువు కావాలని వాళ్ళ పట్టింపు. ఎవరి బెల్లం మంచి రంగులో ఉంటే వాళ్ళ ముద్దకు కుంకుమ బొట్టు పెట్టి, బేరమాడకుండా తీసుకుంటారు. తెరిచిన రోజు పోవద్దని ఊరందరికీ చెప్పే బాపు ఆ ఒక్కనాడు మాత్రం అందరికంటే ముందుండేవాడు. ఆయన సేటు ఏటా బాపు బెల్లానికే బొట్టు పెట్టేవాడు. ఆ ఏడు కొత్త పాకంలో బాగా కుదిరిన ముద్దలు ఏరి, చెరుకు ఆకులు కప్పి, ఇంట్లో వెచ్చటి మూలన దాచాడు. ఆ ఏడే దీపావళి, రంజాను పక్కపక్కన పడ్డాయి. శుక్రవారం, వెంటనే అమావాస్య, పూజ, ఆ మీదట రంజాను ఈదు. ఈదు దాటాకే మళ్ళీ గంజ్ తెరిచేది. "గిట్ల వరుసగ బంద్ నేనెన్నడు సూడలె" అని అరుగు మీద బాపు తల ఊపాడు.

శుక్రవారం పొద్దున అక్క లేవలేదు. ఒళ్ళు కాలుతోంది, గొంతు నొప్పి అంది. పిల్లలకు జ్వరాలు రావడం కొత్తా? అవ్వ మిరియాల కషాయం పెట్టింది. మర్నాడు దీపావళికి అక్క మంచం మీద కూర్చుని ఎర్ర లంగా ఒళ్ళో పెట్టుకుని దీపాలు చూసింది గానీ కట్టుకోలేదు. "రైలు కాడికే కట్టుకుంట" అంది నాతో. అప్పటికే మాట ముక్కులోంచి వస్తోంది. మెడ కింద వాపు కనిపించింది. గవదబిళ్ళలన్నారు చూసినవాళ్ళంతా. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమన్నారు. అవ్వ బోణీకి దాచిన ముద్దల్లోనే ఒకటి పగలగొట్టింది. బాపే సున్నం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆయన మనసులో పిల్ల కంటే బెల్లమే ఎక్కువని ఎవరైనా అంటే నేను ఈ వయసులో కూడా వాళ్ళతో తగువు పెట్టుకుంటాను. ఆయనకు ఎక్కువైంది బెల్లం కాదు. తనకు తెలుసుననే నమ్మకం.

ఆ మర్నాడు అక్క అంబలి కూడా మింగలేకపోయింది. బాపు దాన్ని భుజాన వేసుకుని ఎల్లారెడ్డిలో హకీం ఇంటికి పరుగెత్తాడు. నేనూ వెంట పరుగెత్తాను. హకీం తలుపుకు తాళం. రంజానుకు చుట్టాల ఊరికి పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. బాపు ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. "సూసినవా బిడ్డా, ఎల్లారెడ్డే బందుంటే కామారెడ్డి ఏముంటది" అన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. గంజ్ బందున్న కామారెడ్డిలో తాళాలు వేసిన తలుపులు, ఖాళీ బజారు, తిరిగే కుక్కలు తప్ప ఏముంటాయి? అక్కడ ఒక పెద్ద డాక్టరున్నాడని బాపుకు తెలుసు. ఆయన కూడా తాళం వేసుకునే ఉంటాడని ఇంకా బాగా తెలుసు. బంద్ నాడు పొరపాటున కూడా పోని మనిషి కదా, బంద్ నాడు కామారెడ్డి ఎట్లా ఉంటుందో ఆయన కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. ఊరందరి కంటే గంజ్ సంగతి బాగా తెలిసినందువల్లనే ఈ ఒక్కటీ ఆయనకు తెలియకుండా పోయింది. నా జీవితంలో ఇంతకంటే అన్యాయమైన సంగతి నేను చూడలేదు.

ఆ సాయంత్రం నెలపొడుపు కనిపిస్తే మర్నాడు ఈదు, దాని మర్నాడు గంజ్ తెరుస్తారు. కనిపించకపోతే ఇంకొక రోజు ఆలస్యం. బాపు వాకిట్లో నిలబడి పడమటి దిక్కు చూస్తూనే ఉన్నాడు. మబ్బు కమ్మింది. చూసి చూసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేవాడు. లోపల అక్క ఊపిరి పీలుస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు. అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె ఎన్నడూ బాపు ఎదుట గొంతెత్తి ఎరగదు.

"నువ్వు చంద్రున్ని జూస్తవా, పిల్లను జూస్తవా?" అంది.

"చంద్రుడు కనవడ్తే ఎల్లుండి గంజ్ తెరుస్తరే. తెల్లారేసరికి పిల్లను డాక్టరు కాడ ఉంచుత. బంద్‌ల పోయి ఏం జెయ్యాలె? తొవ్వల పిల్ల ఆగమైతది" అన్నాడు బాపు. చంద్రుడు కనిపించలేదు.

మర్నాడు మల్లయ్య వచ్చాడు, పిల్లను చూద్దామని. అరుగు మీద ఇద్దరు ముగ్గురున్నారు. ఆయన అక్క మంచం పక్కన కాసేపు కూర్చుని బయటికి వచ్చి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "రాజన్నా, నేను ఆనాడు బంద్‌ల పోయినప్పుడు గాడ..." అని మొదలుపెట్టాడు. బాపు తల పట్టుకుని కూర్చునే, "మల్లయ్యా, బంద్ ముచ్చట నువ్వు జెప్తవా నాకు?" అన్నాడు. అరుగు మీదివాళ్ళు అలవాటు కొద్దీ నవ్వారు. మల్లయ్య నోరు మూసుకుని లేచిపోయాడు. నేను స్తంభానికి ఆనుకుని అంతా చూశాను. నాకూ నవ్వొచ్చిందనే జ్ఞాపకం.

ఈదు నాటి సాయంత్రం బాపు బండి కట్టాడు. తెల్లారితే గంజ్ తెరుస్తారు. బండి ముందు వైపు బోణీ బెల్లం, వెనక గడ్డి పరిచి దాని మీద బొంత, బొంత మీద అక్క. బెల్లం ఎందుకని అవ్వ అడగలేదు. గంజ్‌కు బెల్లం లేని బండి పోవడం మాకెవరికీ ఊహకు అందని సంగతి. నన్ను ఉంచడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి నన్నూ ఎక్కించుకున్నారు. ఎర్ర లంగా అక్క తల కింద పెట్టింది అవ్వ. దారి పొడుగునా నేను అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాను. అది ఒక్కసారి నా వేళ్ళు నొక్కింది.

తెల్లారేసరికి కామారెడ్డి చేరాం. గంజ్ గేటు ముందు బండ్లు బారు తీరి ఉన్నాయి. బాపు సేటు గుమాస్తా మమ్మల్ని చూసి చేతులూపుతూ ఎదురొచ్చాడు. "రాజన్నా, సేటు నీ కోసమే చూస్తున్నడు, బొట్టు పెట్టనీకి" అని అరిచాడు. బాపు వినిపించుకోకుండా, బండిని బారు తప్పించి, దవాఖాన వైపు తోలాడు.

డాక్టరు వయసు మళ్ళిన తురకాయన. పండుగ నాటి అత్తరు వాసన ఇంకా ఆయన షేర్వాణీని వదల్లేదు. అక్క నోరు తెరిపించి, చెంచాతో నాలుక నొక్కి, దీపం దగ్గరికి పెట్టి చూశాడు. చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఎన్నొద్దులాయె?"

"దీపావళికి ముంగటి నుంచి" అంది అవ్వ.

"మరి ఇన్నొద్దులు ఏం జేసిండ్రు?"

"గంజ్ బందుండె సాబ్" అన్నాడు బాపు.

డాక్టరుకు అర్థం కాలేదు. "గంజ్ బందుంటే?"

"కామారెడ్డి బందుండె గద సాబ్."

ఆ ముసలాయన చెంచా బల్ల మీద పెట్టాడు. కోపగించుకుని ఉంటే బాగుండేది. "నేనీడనే ఉన్న. నిన్న నమాజ్ జేసుకొని వచ్చి గూడ ఈ కుర్చీలనే కూసున్న. మొన్న తెచ్చినా హైదరాబాదు నుంచి రైల్ల సూదిమందు తెప్పిస్తుంటి" అన్నాడు. అవ్వ ఏడవలేదు, బాపును తిట్టలేదు. ఒక్కసారి తలెత్తి ఆయన వైపు చూసి, మళ్ళీ అక్క తల నిమరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వాళ్ళు కలిసి బతికారు, కలిసి నాట్లు వేశారు, నా పెళ్ళి చేశారు. ఆ చూపు మాత్రం వాళ్ళ మధ్య నుంచి ఎటూ పోలేదు.

ఆ రోగాన్ని కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, అంటారని నేను బడిపంతులమ్మనయ్యాక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. డాక్టరు ఆ రోజంతా అక్క దగ్గరే ఉన్నాడు, తాను చేయగలిగిందంతా చేశాడు. మధ్యాహ్నం దాటాక దూరంగా రైలు కూత వినిపించింది. నేను వినడం అదే మొదలు. అక్క కళ్ళు తెరిచింది. మాట రావడం లేదు, పెదవులు కదిలాయి. బాపు చెవి దాని నోటి దగ్గర పెట్టాడు. "రైలేనా అంటున్నది" అన్నాడు అవ్వతో. దానితో, "రైలే బిడ్డా, గదే. నువ్వు లేస్తవు, రేపు సూపిస్త" అన్నాడు. దీపాలు పెట్టే వేళకు అక్క పోయింది. స్టేషను అక్కడికి ఎంతో దూరం లేదు. ఎత్తుకుపోయి చూపించినా అయిపోయేది.

పోయేటప్పుడు బెల్లం పక్కన అక్క, వచ్చేటప్పుడూ బెల్లం పక్కన అక్క. ఆ బెల్లాన్ని బాపు అమ్మలేదు, తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు. బండి కొట్టంలో బండి మీదే ఉండి, చెమట పట్టి, కరిగి, చీమలు పట్టి పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో అందరికంటే చివర వచ్చినవాడు మల్లయ్య. వాకిట్లోనే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "ఆనాడు బంద్‌ల పోయినప్పుడు నా కాలు ఎద్దు దొక్కితే గా దవాఖానలనే కట్టు కట్టిండ్రు అన్నా. చెప్దామనే వచ్చిన. అందరు నవ్విరి. మళ్ళ నవ్వుతరని ఊకున్న." బాపు లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. ఎవరు ఎవరిని ఓదార్చారో నాకు తెలియదు. ఆ తర్వాత మా ఊళ్ళో పిల్లలెవరూ మల్లయ్యను ఆ పేరుతో పిలవలేదు.

ఆ పేరు బాపుకు వచ్చింది. ఎందుకంటే ఆయన చుట్ట మానేశాడు, అరుగు మీద కూర్చోవడం మానేశాడు, ఎవరైనా వచ్చి "గంజ్ ఉన్నదా రాజన్నా?" అంటే "నాకెరుక లేదు" అనేవాడు. కానీ బంద్ వచ్చిందంటే ఖాళీ బండి కట్టుకుని కామారెడ్డి పోయేవాడు. అమావాస్యకు పోయాడు, పీర్ల పండుగకు పోయాడు, వానలో సాలగిరాకు కూడా పోయాడు. ఎందుకు పోతాడో ఎవరికీ అర్థం కాలేదు. పిచ్చి పట్టిందన్నారు. అవ్వ అడ్డు చెప్పలేదు, సద్ది మూట కట్టి ఇచ్చేది. తిరిగొచ్చాక ఆమె అడగకపోయినా, కాళ్ళు కడుక్కుంటూ ఒక్కటే మాట చెప్పేవాడు. "తెరిచే ఉన్నదే." ఆమె "ఊ" అనేది.

శ్రీకర్‌కు ఇదంతా నేను చెప్పలేదు. వాడిది మంచి మనసు, విని బాధపడతాడు. "రేపు బంద్ అంటివి గద, నన్ను కామారెడ్డి స్టేషనుకు తోలుకపో" అన్నాను. "ఎవరొస్తున్నరు నానమ్మా?" అన్నాడు. ఎవరూ రారని చెప్పాను. మర్నాడు కారులో తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టి, వాడు పక్కన నిలబడి ఫోను తీసి, బంద్ కాబట్టి చూసేదేమీ లేక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మార్కెట్ బందైతే ఆ రోజు లోకంలో ఏమీ జరగదన్నట్టే ఉంటాడు వీడూ. వీడి దగ్గర ఏడాది సెలవులన్నీ ముందే ఉన్నాయి, మబ్బులో చంద్రుణ్ణి వెతికే పని లేదు. ఈ స్టేషను ఇప్పుడు వేరు. గట్టు పొడుగైంది, పైకప్పు వచ్చింది, బొగ్గు వాసన లేదు. బాపు నన్ను తీసుకొచ్చిన రోజు మాత్రం ఇక్కడ ఎండ, దుమ్ము తప్ప ఏమీ లేవు.

అదొక అమావాస్య. పోతూ పోతూ బాపు నన్ను కూడా బండెక్కించుకున్నాడు. అవ్వ పెట్టె తెరిచి అక్క ఎర్ర లంగా తీసి నాకు కట్టింది. పొడుగెక్కువై కాళ్ళకు అడ్డం పడుతుంటే రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. గంజ్ గేటుకు తాళం ఉంది. లోపల పిచ్చుకలు గింజలు ఏరుకుంటున్నాయి. బాపు అక్కడ ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని బజారంతా నడిపించాడు. క్షౌరం చేసే ఆయన చెట్టు కింద కత్తి నూరుతున్నాడు. చాయ్ దుకాణంలో పొయ్యి మండుతోంది. దవాఖాన వసారాలో ఒకామె పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, లోపల నుంచి ఆ డాక్టరు గొంతు వినిపిస్తోంది. ప్రతి చోటా ఆగి, బాపు వేలు పెట్టి చూపించాడు. తర్వాత స్టేషనుకు తీసుకొచ్చి, గట్టు మీద నిలబెట్టి, నా రెండు భుజాలూ పట్టుకుని వెనక నిలబడ్డాడు.

రైలు వచ్చింది. నేల అదిరింది, నేను జడిసి లంగా వదిలేసి బాపు కాళ్ళను పట్టుకున్నాను. మనుషులు దిగుతున్నారు, ఎక్కుతున్నారు, ఎవరో మూటలు అందిస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. తల ఎత్తి చూస్తే బాపు మీసాల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. అంతమంది నడుమ తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"సూడు బిడ్డా" అన్నాడు. "బంద్ నాడు గూడ వస్తది."